పాదలేపం కరగిన చోట

మన కావ్యాలలో శరదృతువుకు దక్కిన ఆదరం మరొక ఋతువుకు దక్కలేదంటే అతిశయోక్తి కాదనుకుంటాను. వసంతానికి కోకిల ఉన్నది. వర్షర్తువుకు నెమలి ఉన్నది. కాని మనిషి గడప దాటి దూరదేశం బయలుదేరడానికి తగిన కాలమని మన కవులు ఏకగ్రీవంగా తీర్మానించినది శరత్తునే. కిష్కింధలో సుగ్రీవునికి పట్టం కట్టిన తరువాత రాముడు వానాకాలమంతా కొండగుహలో ఓపిక పట్టి ఎదురుచూచినది శరత్తు కోసమే. కాళిదాసు రఘువు దిగ్విజయయాత్రకు కదలినది శరత్తులోనే. నన్నయభట్టారకుని ఘంటం భారతంలో చివరిసారి ఆగినది శరద్రాత్రుల వర్ణన దగ్గరనేనని మన సంప్రదాయం చెప్పుకుంటుంది. మబ్బు విరిసిపోవడం, ఏటినీరు తేటపడడం, బురద ఆరి బాటలు గట్టిపడడం, రాత్రి వెన్నెల పిండారబోసినట్లు కాయడం — ఇన్ని శుభలక్షణాలు ఒక్కచోట కూడిన కాలాన్ని యాత్రాకాలమనక మరేమంటారు?

ముప్పయి ఏండ్లుగా తరగతిగదిలో ఈ మాటలే చెబుతూ వచ్చినవాడిని నేను. చెప్పినది తప్పు కాదు. అయితే చెప్పవలసినదంతా చెప్పలేదేమో అనే సందేహం ఇటీవల ఒక సాయంకాలం నన్ను పట్టుకున్నది.

ఆనాడు నా పాతవిద్యార్థులు ఇద్దరు ఇంటికి వచ్చారు. ఇద్దరూ హైదరాబాదులో మంచి ఉద్యోగాలలో కుదురుకున్నవారు. దసరా వెళ్ళగానే హిమాలయాలలో ఒక ఎత్తయిన కనుమ దాటే కాలినడకకు పోతున్నామని, ఆశీర్వదించమని అడిగారు. సంతోషించాను. కాఫీలు అయిన తరువాత, "దారిలో మంచు కురిస్తే ఏం చేస్తారయ్యా?" అని మాటవరసకు అడిగాను.

"అక్టోబరు కదండీ మాస్టారూ! ఆకాశం అద్దంలా ఉంటుంది. దీన్నే సీజను అంటారు" అన్నాడు ఒకడు.

"కురిసినా ఆగడానికి లేదండి. కనుమ దాటిన మర్నాడే తిరుగుప్రయాణం. విమానం టిక్కెట్లు కూడ కొనేశాం" అన్నాడు రెండవవాడు.

వారు వెళ్ళిన తరువాత చాలాసేపు ఆ రెండు సమాధానాలే నా చెవిలో మోగాయి. మొదటిది, ఋతువు పేరు మీది నమ్మకం. రెండవది, తిరిగివచ్చే రోజును కొండను అడగకుండానే నిర్ణయించుకోవడం. ఈ రెండూ కలిసిన కథ ఒకటి మన సాహిత్యంలోనే ఉన్నది. మనం దాన్ని శృంగారం కోసం, పద్యాల సొగసు కోసం చదువుతాం గాని, కొండదారి నడిచేవాడి కథగా చదవము.

అది అల్లసాని పెద్దన ప్రవరుని కథ. అరుణాస్పదపురం విడిచి ఎరుగని గృహస్థు, ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపం పూసుకొని క్షణంలో హిమాలయం చేరుకున్నాడు. చూచి మురిశాడు. మధ్యాహ్నం అవుతున్నది, ఇంట నిత్యకర్మలకు వేళ మించిపోతున్నదని తిరగబోయాడు. కాలు కదలలేదు. మంచునీటికి లేపం కరగిపోయింది. వచ్చేటప్పుడు పనిచేసిన సాధనం వెళ్ళేటప్పుడు పనిచేయలేదు. పనిచేయకుండా చేసినది ఏ రాక్షసుడో కాదు, తాను చూడవచ్చిన ఆ మంచే. తెలుగు కావ్యంలో హిమాలయానికి వెళ్ళిన మనవాళ్ళలో అందరికీ గుర్తున్నవాడు ప్రవరుడే గదా! అతని కథ తిరిగిరావడం ఎట్లా అనే ప్రశ్నతో మలుపు తిరుగుతుందన్న సంగతి నాకు ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నది.

ఇది కావ్యం మాట. ఇక కళ్ళ ఎదుట జరిగినది చెబుతాను. 2014లో నేను విశాఖపట్నంలో పనిచేస్తూ ఉండేవాడిని. ఆ సంవత్సరం ఆశ్వయుజ పూర్ణిమ అక్టోబరు 8న వచ్చింది. శరత్పూర్ణిమ! సరిగా ఆనాడే బంగాళాఖాతంలోని వాయుగుండం తుపానుగా బలపడి, హుద్‌హుద్ అనే పేరు పెట్టించుకున్నది. అరబ్బీలో అది తల మీద కుచ్చు గల ఒక ముచ్చటైన పక్షి పేరు. నాలుగు రోజులకు, 12వ తేదీ ఆదివారం పగలు, ఆ పక్షి విశాఖ మీద వాలింది. గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలి. ఆ మధ్యాహ్నం తలుపుకు మంచం అడ్డుపెట్టి కూర్చున్న మేము మరునాడు వీధిలోకి వచ్చి చూస్తే, ఊరిలో ఆకు ఉన్న చెట్టు కనబడలేదు. కైలాసగిరి బోడికొండ అయింది. అరకు వైపు కాఫీతోటలకు నీడనిచ్చే చెట్లు వరుసలు వరుసలుగా పడిపోయాయి.

తుపాను మా ఊరు దాటిపోయింది, ఇక అయిపోయిందనుకున్నాం. అది అయిపోలేదు. బలం తగ్గి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా ఉత్తరానికి నడిచింది. గాలి చచ్చినా దాని కడుపులోని నీరు చావలేదు. రెండు రోజులకు, అక్టోబరు 14న, సుమారు పన్నెండు వందల కిలోమీటర్ల దూరాన నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతశ్రేణికి ఆ తేమ తగిలింది. అక్కడ మనాంగ్ లోయ నుండి ముక్తినాథ్‌కు దాటే తొరోంగ్ లా అనే కనుమ ఉన్నది. ఎత్తు 5416 మీటర్లు. ముక్తినాథ్ మనకు కొత్తపేరు కాదు. సాలగ్రామాల కోసం గండకీ తీరానికి వెళ్ళే తెలుగు యాత్రికులందరికీ తెలిసిన క్షేత్రం. ఆనాడు తెల్లవారకముందే వందలాది మంది ఆ కనుమ ఎక్కడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది గనుక చీకటితోనే బయలుదేరడం అక్కడి ఆచారం. దారిలో మంచు పట్టుకున్నది. కొన్ని గంటలలోనే నడుములోతు అయింది. ముందున్నవాడు వెనకవాడికి కనపడలేదు. చుట్టుపట్ల కొండల నుండి మంచుచరియలు విరుచుకుపడ్డాయి. ఆ విపత్తులో కనీసం 43 మంది మరణించారు. అందులో అనేక దేశాల నడకరులు ఉన్నారు, దారి చూపేవారూ మూటలు మోసేవారూ అయిన నేపాలీలు ఉన్నారు, జడలబర్రెలు కాచుకునే కాపరులు ఉన్నారు.

మా ఇంటి పెంకులు లేపిన గాలీ, ఆ కనుమ మీద మనుషులను పూడ్చిన మంచూ ఒకే తుపాను అని తెలిసిననాడు నాకు కలిగిన భావాన్ని ఇప్పటికీ సరిగా చెప్పలేను. అయితే ఒక తేడా మాత్రం స్పష్టంగా చెప్పగలను. విశాఖకు తుపాను వచ్చే రోజును మన వాతావరణశాఖ ముందే చెప్పింది. లక్షకు మించిన జనాన్ని తీరం నుండి తరలించారు. అదే తుపాను శేషం కొండల మీదికి పోతున్నదన్న కబురు మాత్రం ఆ కనుమదారిలో నడిచేవారి చెవికి వేళకు అందలేదని తరువాత విమర్శలు వచ్చాయి. వారి తల మీద నిన్నటి వరకు ఉన్నది నిర్మలమైన శరదాకాశమే గదా!

అది దైవికంగా ఒకసారి జరిగినదని తోసివేయడానికి వీలులేదు. 2021 అక్టోబరు 18, 19 తేదీలలో ఉత్తరాఖండ్‌లో ముక్తేశ్వర్ వద్ద ఇరవైనాలుగు గంటలలో 340.8 మిల్లీమీటర్ల వాన పడింది. అక్కడ 1897 నుండి వాన కొలుస్తున్నారు. అంత వాన అంతకు ముందు ఎన్నడూ కొలవలేదు. ఆ దినాలలోనే లంఖాగా కనుమ దారిలోను, సుందర్‌ధుంగా లోయలోను మంచులో చిక్కుకొని పలువురు నడకరులు మరణించారు. ఆసారి హెచ్చరిక ముందుగానే వచ్చింది. చార్‌ధామ్ యాత్రికులను ఎక్కడివారిని అక్కడ ఆపివేశారు. కాని అంతకు ముందే ఊళ్ళు దాటి పైకి పోయిన వారిని ఆపేవారెవరు?

దీనికి కారణం వెదకడానికి పెద్ద శాస్త్రజ్ఞులం కానక్కరలేదు. శరత్తు అంటే వానలు ముగిసిన కాలమని మనం అనుకుంటాం. నిజానికి అది రెండు గాలుల సంధికాలం. నైరుతి ఋతుపవనం సెప్టెంబరు మధ్యలో రాజస్థాన్ నుండి వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు మధ్యకు గాని దేశమంతా విడిచిపోదు. అది వెనుదిరిగేకొద్దీ ఆకాశంలో ఎత్తున వీచే పడమటిగాలి హిమాలయం మీదికి దక్షిణంగా దిగివస్తుంది. మరొక పక్క, బంగాళాఖాతానికి అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల రోజులు. దిగువ నుండి సముద్రపు తేమ, ఎగువ నుండి పడమటి చల్లగాలి ఒకే వేళకు కొండ దగ్గర కలుసుకుంటే, 2014లో జరిగినదీ 2021లో జరిగినదీ జరుగుతుంది. కలుసుకోని రోజులే ఎక్కువ. అందుకే శరత్తుకు మంచిపేరు. ఆ మంచిపేరే నడిచేవాడికి ప్రమాదం.

ఎత్తు తన లెక్క తాను వేసుకుంటుంది. సగటున వేయి మీటర్లు పైకి పోతే ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఖాట్మండూలో 24 డిగ్రీల హాయి ఉన్ననాడు, అక్కడికి నాలుగువేల మీటర్లు పైనున్న కనుమ మీద 26 డిగ్రీలు తగ్గి సున్నకు దిగువకు పోయి ఉంటుంది. లోయలో వాన అయినది కనుమ మీద మంచు. పైగా అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలోని దానిలో సుమారు సగం. ఊపిరి అందక, అడుగు సాగక, లోయలో గంటలో నడిచే దూరానికి మూడు గంటలు పడుతుంది. అంటే చెడుగాలి వచ్చినప్పుడు త్వరగా తప్పుకుందామన్నా తప్పుకోలేడు. తడిసిన నూలుబట్ట ఒంటి వేడిని పీల్చివేస్తుంది. ముందు వణుకు, ఆ తరువాత మాట తడబాటు, అటు పిమ్మట ఆలోచన తప్పడం. వణుకు ఆగిపోయిందంటే తేరుకున్నాడని కాదు, శరీరం ఓడిపోతున్నదని. అప్పుడు మనిషి తన తప్పును తాను గుర్తించలేడు. కాబట్టి నిర్ణయం తెలివి ఉండగానే తీసుకోవాలి.

కవులు మెచ్చిన వెన్నెల మాటా అంతే. మబ్బు భూమికి కంబళి వంటిది. శరద్రాత్రి ఆ కంబళి తొలగిపోవడం చేత పగటి వేడి అంతా ఆకాశానికి ఎగిరిపోతుంది. వెన్నెల ఎంత నిర్మలమో చలి అంత కఠినం. గుడారంలో పడుకున్నవాడికి ఈ రెండూ ఒకే సంగతి.

ఇంతకూ ఈ జాగ్రత్త మనకు పరాయిది కాదు. మన దేశంలో రెండు పంచాంగాలున్నాయి. కవి పంచాంగంలో ఇది శరత్తు. రైతు పంచాంగంలో ఇది హస్త, చిత్త, స్వాతి కార్తెల కాలం. రైతు శరత్తు వచ్చిందని ఎన్నడూ నిబ్బరంగా నిద్రపోలేదు. పొట్ట మీద ఉన్న వరిచేనును చూచుకొని, చిత్తలో ఏం పట్టుకుంటుందో, స్వాతిలో ఏం విరుచుకుపడుతుందో అని ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. హుద్‌హుద్ వచ్చినది చిత్తకార్తెలోనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చినది కార్తీకమాసంలోనే. చంద్రుని చుట్టూ గుడి కట్టిందంటే వాన దగ్గరలో ఉన్నదని మన పల్లెలలో ముసలివారు ఇప్పటికీ అంటారు. అది వట్టిమాట కాదు. చాలా ఎత్తున పలుచని మబ్బుపొరలో ఉన్న మంచురవ్వల వల్లనే ఆ గుడి కనిపిస్తుంది; వాన తెచ్చే మబ్బులకు ఆ పొర అనేకసార్లు ముందు నడిచే వార్తాహరుడు. కవి చంద్రుని చూశాడు. రైతు చంద్రుని చుట్టూ ఉన్నదానిని చూశాడు. కొండ ఎక్కేవాడికి ఈ రెండవ చూపు కావాలి.

హిమాలయం దాకా పోనక్కరలేదు. మన విశాఖమన్యంలో అర్మకొండ సుమారు 1680 మీటర్లు. సముద్రతీరానికీ దాని శిఖరానికీ పదకొండు డిగ్రీల తేడా ఉంటుంది. ఈ కాలంలో పొద్దున నిర్మలంగా ఉన్న కొండ మీద సాయంకాలానికి ఉరుములతో వాన దిగవచ్చును. పొద్దున చీలమండ తడవకుండా దాటిన గెడ్డ, పైన ఎక్కడో పడిన వానకు సాయంత్రం నడుములోతు అవుతుంది. ఆ గెడ్డ ఒడ్డున నిలబడి, "ఇంతేగదా, దాటుదాం" అనేవాడు మన్యంలో పుట్టినవాడు కాడు. మన్యంవాడు చెట్టు క్రింద కాకుండా బండచాటున కూర్చొని నీరు తీసేవరకు ఆగుతాడు. చదువుకున్న మనకు ఆ ఆగడమే రాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. "ఇన్ని భయాలు పెట్టుకుంటే ఎవడూ ఇల్లు కదలడు. సాహసం లేని జాతి ఏం జాతి?" అని. నేను సాహసాన్ని కాదనడం లేదు. మన పిల్లలు కొండలెక్కడం నాకు గర్వకారణమే. తెలుగు యువకుల పాదాలకు హిమాలయపు రాళ్ళు పరిచయం కావలసినదే. కాని ఎక్కడం ఒక్కటే సాహసమనీ, దిగివచ్చేయడం పిరికితనమనీ అనుకోవడం కొండను ఎరుగనివాడి మాట. శిఖరం రెండు గంటల దూరంలో కనిపిస్తూ ఉండగా, సొమ్ము ఖర్చై ఉండగా, తోటివారు ముందుకు పోతూ ఉండగా, "ఈపూట కాదు" అని వెనుదిరగడానికి కావలసిన గుండెదిటవు ఎక్కడానికి కావలసినదానికంటె తక్కువది కాదు.

మరొక ఆక్షేపణ: "దారి చూపేవాడు ఉన్నాడు గదా, అతనికి తెలియదా?" తెలుసును. కాని అతడు మన కూలి మీద బ్రతికేవాడు. తిరుగుటిక్కెట్టు చేతబట్టుకొని నిలుచున్న పదిమందిని కాదని "ఆగండి" అనడం అతనికి సులభం కాదు. మనం ఆగమని చెప్పడానికి అతనికి అధికారం ఇచ్చి, ఆగిన రోజుకు కూడ కూలి ఇస్తామని ముందే మాట ఇస్తేనే అతని తెలివి మనకు ఉపయోగపడుతుంది. అతనికీ, మూటమోసేవాడికీ మన ఒంటిమీద ఉన్నంత ఉన్నిబట్ట ఉన్నదా అని బయలుదేరేముందే చూడడం కూడ మన బాధ్యత. తొరోంగ్ లా మీద మరణించినవారిలో వారూ ఉన్నారని మరువరాదు.

కాబట్టి నేను కోరేవి పెద్దకోరికలు కావు. కొండదారులకు మనుషులను తీసుకుపోయే సంస్థలు తమ ప్రయాణపట్టికలో ఆగడానికి రెండు రోజులు విడిచిపెట్టాలి; విడిచిపెట్టని పట్టికను మనం అంగీకరించకూడదు. తుపాను తీరం దాటగానే మన పత్రికలూ రేడియోలూ దాని కథ ముగిసినట్లు ఊరుకోకుండా, దాని తేమ ఏ కొండలవైపు పోతున్నదో కూడ చెప్పాలి. అక్కడ మనవారు నడుస్తూ ఉంటారు. ఊరు దాటి పైకి పోయిన తరువాత ఫోను అందదు గనుక, చివరి ఊరిలో, చివరి సత్రం గోడమీద, రేపటి గాలి సంగతి నడిచేవారికి అర్థమయ్యే మాటలలో వ్రాసి ఉండాలి. ఇక నావంటి ఉపాధ్యాయులం శరద్వర్ణన చెప్పేనాడు, పద్యం పూర్తయిన తరువాత ఒక్క అయిదు నిమిషాలు కిటికీ తెరచి, ఆకాశం ఎట్లా ఉన్నదో పిల్లలచేత చెప్పించాలి. కావ్యం ఋతువును ప్రేమించడం నేర్పుతుంది. ఆ ఋతువును చదవడం వేరే నేర్పవలసి ఉన్నది.

ప్రవరుడు చివరకు ఇల్లు చేరాడు. ఎట్లా చేరాడు? అగ్నిదేవుని ప్రార్థించాడు, ఆ దేవుడు కరుణించాడు. జీవితమంతా ఆ అగ్నిని ఉపాసించినవాడు గనుక అతనికి ఆ దారి దొరికింది. మనకు అంతటి తపస్సు లేదు. కనుమ మీద మంచు నడుముకు వచ్చిన తరువాత పిలిస్తే పలికే అగ్ని మనకు లేడు. ఇంట బయలుదేరకముందు వేసుకునే లెక్కలే మనకు ఉన్నవి.

ఈ మాటలన్నీ నా విద్యార్థులకు ఒక ఉత్తరంగా వ్రాసి పంపాను. చాదస్తమనుకుంటారేమో అని కొంత సంకోచించాను కూడ. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: "టిక్కెట్లు మార్చుకున్నాం మాస్టారూ. కొంచెం సొమ్ము నష్టమైంది. రెండు రోజులు సెలవు ఎక్కువ పెట్టాం."

ఆ నష్టం నాకు చాలా సంతోషాన్ని ఇచ్చింది.